చెప్పు ముక్క

చోంగ్‌చింగ్‌లో మెట్లే వీధులు.
ఎనిమిదో అంతస్తు దిగితే ఇంకో రోడ్డు,
ఆ రోడ్డు కింద ఇంకో ఊరు.
అన్నిటికంటే కింద, నది వాసన తగిలేచోట
చ్యూ యులాన్ షెడ్డు.

నా పని మధ్యలో కూచోవడం.
అటు జపనీసు, ఇటు సిచువాన్ యాస.
గంటకింత అని లెక్క, టీ అదనం.

కురమోచి గారు హమమాత్సు నుంచి వచ్చారు.
ముప్పై నాలుగేళ్ళు ఒకే కంపెనీ, ఒకే మోటార్‌సైకిల్.
ట్యాంకు వంపు అర మిల్లీమీటరు మారితే చాలు,
ఫ్రేము వాళ్ళు, ఇంజను వాళ్ళు, సీటు కుట్టేవాళ్ళు
ఒక బల్ల చుట్టూ చేరి
రాత్రి పదకొండుదాకా
ఒకరి గీతలో ఒకరు వేలు పెట్టేవారట.
"మా బండిలో ఏ బోల్టుకైనా
మిగతా బోల్టులన్నీ తెలుసు" అన్నారు.
ఆ "తెలుసు" దగ్గర నేను తడబడి
"చుట్టాలు" అనేశాను.
యులాన్ నవ్వింది:
"అయితే పెళ్ళిళ్ళలో పోట్లాడుకుంటాయా?"

ఆమె బండి పుట్టుక వేరు.
ఇంజను ఒక ఫ్యాక్టరీది, కార్బురేటర్ నది అవతలిది,
చక్రాలు తూకానికి కొన్నవి,
హెడ్‌లైటు ఎవరిదో ఆమెకే తెలీదు.
ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు చేసిన ముక్కలు
గోడమీది చార్టులో రంధ్రాల కొలత ఒక్కటే నమ్ముకుని
ఒక ఉదయం కలిశాయి.
మధ్యాహ్నానికల్లా బండి
రెండు బస్తాల మిరపకాయలతో వాలు ఎక్కింది.

"స్టార్ట్ చెయ్యండి," అన్నారాయన.
కళ్ళు మూసుకున్నారు.
నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గర
డబ్బాలో గులకరాయి పడ్డట్టు చప్పుడు.
ఇంజనూ ఫ్రేమూ కలిసేచోట వేలు పెట్టారు.
"ఈ రెంటినీ చేసినవాళ్ళు
ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు."

ఉన్నదున్నట్టు చెప్పాను.
ఆమెకు కోపం రాలేదు.
స్పానరు మాత్రం కాస్త గట్టిగా పెట్టింది బల్లమీద.
"పోయిన జూలైలో నీళ్ళు ఇక్కడిదాకా,"
గోడమీద బురద గీత చూపింది, తన తలకంటే ఎత్తున.
"ఇంజను పోయింది. కొత్తది తెచ్చి నలభై నిమిషాల్లో వేశా.
పైవీధి పళ్ళ డాక్టరుది మీ బండే.
వేలెడు క్లాంపు విరిగింది.
వేరే ఏదీ అందులో కూచోదు, మీ ఊరినుంచే రావాలి.
మూడు నెలలు ఆ బండిని తుడుస్తూ ఉన్నాడు
పోయినవాళ్ళ ఫొటో తుడిచినట్టు."

ఫొటో సంగతి వదిలేద్దామా అనుకున్నాను.
వదల్లేదు.

ఆయన బురద గీతనే చూస్తూ నిలబడ్డారు.
తర్వాత, ఎవరితోనో కాదు:
"ఆ క్లాంపు గీసింది నేనే.
పదకొండు మందిని ఒప్పించాల్సి వచ్చింది."

గర్వమా, క్షమాపణా?
ఆ వాక్యానికి రెండు వైపులా రంధ్రాలున్నాయి.
ఏ బోల్టు వెయ్యాలో తెలీక
వదులుగానే అప్పజెప్పాను.

యులాన్ వంగి ఎడమకాలి చెప్పు తీసింది.
మడమ అరిగిన పాత రబ్బరు చెప్పు.
కత్తితో గోరంత కోసి
ఆయన వేలు పెట్టిన సందులో దూర్చి, బిగించి,
మళ్ళీ స్టార్ట్ చేసింది.

నాలుగు వేలు.
గులకరాయి లేదు.
అయిదు వేల దగ్గర ఇంకేదో మొదలైంది.
ముగ్గురం విన్నాం. ఎవరం అనలేదు.

కురమోచి గారు జేబులోంచి కాలిపర్ తీసి
చెప్పు మందం కొలిచి
చిన్న పుస్తకంలో రాసుకున్నారు, తేదీతో సహా.
"ఇది అరిగిపోతే?"
"కుడికాలిది ఉందిగా."

పైకెళ్తుంటే రెండొందలో మెట్టు దగ్గర
ఊపిరి కోసం ఆగి ఆయన అడిగారు,
మా ఇద్దరి మధ్యా నువ్వెంత రబ్బరు దూర్చావని.

గోరంత, అన్నాను.
బిల్లులో అది రాయలేదు.
మూడు గంటలు. టీ అదనం.